ఆది జాకెట్‌కో పేజీ

అమరచింతలో ధనలక్ష్మి దగ్గరికి జాకెట్ కుట్టించుకునే ఆడవాళ్లు వచ్చేది తక్కువ. వాళ్ల జాకెట్లు వచ్చేదే ఎక్కువ. తల్లి చేతిసంచిలోనో, ఆడబిడ్డ కొంగుమూటలోనో, ఒక్కోసారి బస్సులో డ్రైవరు సీటు వెనక ప్లాస్టిక్ కవరులోనో పాత జాకెట్ ఒకటి వచ్చి దిగుతుంది. ఒంటికి బాగా అమరిన ఆ పాతదాన్ని ఆది జాకెట్ అంటారు. దాన్ని చూసి కొత్తది కుట్టాలి. అసలు మనిషి పూణేలో ఇటుకలు మోస్తూ ఉంటుంది, లేదంటే హైదరాబాదులో ఎవరి మేడకో సిమెంటు కలుపుతూ ఉంటుంది, ఏమీ కాకపోతే ఆత్మకూరు దారిలో పత్తిచేనులో వంగి ఉంటుంది. టేపు చుట్టించుకుని నిలబడే తీరిక ఆమెకు లేదు. అట్లా నిలబడి కొలిపించుకోవడం ఆ పల్లెల్లో అలవాటూ లేదు.

బస్టాండుకు ఎదురుగా ఒకే గది ఆ దుకాణం. గోడకు వరసగా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో ఊరు. ఆ ఊరి ఆది జాకెట్లన్నీ ఆ మేకుకే వేలాడేవి. పేర్లు రాసిన చీటీలు గుచ్చి ఉన్నా ధనలక్ష్మి వాటిని చూసేది కాదు. చేత్తో ముట్టుకుని ఎవరి జాకెట్టో చెప్పేది.

ధనలక్ష్మికి అర్చన మేనకోడలు, అన్న యాదయ్య కూతురు. ఊరి బడిలో చదివి, వనపర్తిలో కంప్యూటర్ల డిగ్రీ చేసి వచ్చి, ఉద్యోగం దొరికేదాకా అని అత్త దగ్గర హుక్కులు కుట్టడానికి కూర్చుంది. మాట తక్కువ పిల్ల. పొద్దున వచ్చి సాయంత్రం పోయేలోపు పది మాటలు మాట్లాడితే గొప్ప. కానీ చూపు ఊరికే ఉండేది కాదు. అత్త చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వచ్చింది, సుద్దముక్క ఎప్పుడు పెదవుల మధ్యకు పోయింది, అన్నీ ఆ పిల్ల కళ్లలో పడేవి.

అట్లా చూస్తూనే అత్త బొటనవేలు సంగతి కనిపెట్టింది. ఇరవై ఆరేళ్లు కత్తెర పట్టిన వేలు ఆ వానాకాలం నుంచి మొరాయిస్తోంది. కోసిన ప్రతిసారీ ధనలక్ష్మి చేతిని విదిలించి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు అటూ ఇటూ చూసేది. కోయడానికి వేరే మనిషిని పెట్టుకోవచ్చు. కానీ గుడ్డ మీద గీత గీయడం అత్తకు తప్ప ఇంకెవరికీ రాదు. ఆ గీతే కాగితం మీద దొరికితే తను కోయగలదు కదా అని అర్చన వెతకడం మొదలుపెట్టింది.

దొరికింది. దాని పేరు బాబిన్. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో జీతం లేకుండా కలిసి రాసిన సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, తప్పు కనబడితే ఎవరైనా సరిదిద్ది పంపవచ్చు. కొలతలు ఇస్తే జాకెట్ ముక్కలన్నీ గీసి ఇస్తుంది. జిరాక్సు షాపులో అచ్చు తీయించి, కాగితాలు ఒకదానికొకటి అతికించి, గుడ్డ మీద పరిచి కోసుకోవడమే. అర్చన ముందు తన కొలతలే తీసుకుని తనకే ఒక జాకెట్ కోసి కుట్టుకుంది. పోతపోసినట్టు అమరింది. ధనలక్ష్మి ఆ పిల్లను నాలుగు దిక్కులా తిప్పి చూసి, చంక దగ్గర వేలు పెట్టి లాగి చూసి, "బానే ఉందే" అంది. ఆ నోట్లో నుంచి ఆ మాట రావడం మామూలు సంగతి కాదు.

ఆ ధీమాతోనే తిమ్మమ్మ కూతురి జాకెట్ కోసింది.

తిమ్మమ్మ కొడుకు మల్లేశ్ పెళ్లి మాఘంలో. కూతురు స్వరూప పూణేలో కూలిపనిలో ఉంది, సరిగ్గా పెళ్లి రోజు పొద్దున దిగుతుంది. ఆమె కోసం తిమ్మమ్మ గద్వాలకు పోయి చీర తెచ్చింది. ఆ చీరకే కలిపి నేసిన జాకెట్ గుడ్డ. చీర చివర నుంచి దాన్ని కత్తిరించి, ఆది జాకెట్‌తో కలిపి ఇచ్చి పోయింది. అర్చన ఆ ఆదిని కొలిచి, కొలతలు బాబిన్‌కు ఇచ్చి, వచ్చిన కాగితం పరిచి కోసింది. ధనలక్ష్మి కుట్టింది. కుడుతుంటేనే ఆమె చెయ్యి రెండుసార్లు ఆగింది. కానీ పిల్ల మొహం చూసి ఊరుకుంది.

తిమ్మమ్మ వచ్చి కొత్తదాని మీద పాతదాన్ని పరిచింది. చుట్టూ రెండేసి వేళ్లు ఎక్కువ. మెడ అయితే చెప్పనక్కర్లేదు.

"ఏమమ్మా ధనలక్ష్మీ, నా బిడ్డకు కుట్టినవా, ఎద్దుకు కుట్టినవా?" అంది తిమ్మమ్మ. బస్టాండులో వేరుశనక్కాయలు అమ్మే ముసలమ్మ కూడా ఇటు తిరిగింది. "గీ మెడల నుంచి పిల్ల బయటికే వస్తది! గద్వాల గుడ్డ, మళ్ల దొరుకుతదా?"

పక్కలు వదులైతే లోపలికి తీసి కుట్టవచ్చు. కోసిన మెడను చిన్నది చేయడం ఎవరి తరమూ కాదు.

"తప్పు నాదే తిమ్మమ్మా," అంది ధనలక్ష్మి. "గా రంగు గుడ్డ నేను తెస్త. పెండ్లి లోపల నీ బిడ్డ జాకెట్ నీ చేతుల పెడ్త."

తిమ్మమ్మ చూపు బల్ల మీది కాగితాల మీద పడింది. వాటిని చూసింది, అర్చనను చూసింది. "కంప్యూటర్ మాట మీద ఇయ్యలేదమ్మా నేను. నీ మాట మీద ఇచ్చిన. ఈ పారి ఖరాబైతే నా బిడ్డ పెండ్లిల పాత జాకెట్ ఏస్కోని నిలబడ్తది. అంతే," అని కొంగు విసురుకుంటూ వెళ్లిపోయింది.

అర్చన తల ఎత్తలేదు. ధనలక్ష్మి తిట్టలేదు. కాగితాలు మడిచి ఇస్త్రీ బట్ట కింద పెట్టింది. కాసేపటికి, "నీది నీకు అతికినట్టు వచ్చె గదనే. గిది యాడ తప్పింది?" అని అడిగింది. అది కోపం కాదు, నిజంగా అడిగిన ప్రశ్న. తిట్టు కంటే అదే అర్చనను ఎక్కువ గుచ్చింది.

ఆ ప్రశ్నను నాలుగు రోజులు మోసింది. బాబిన్ గైడును మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివింది. అప్పుడు తెలిసింది. తన జాకెట్‌కు తన ఒంటిని కొలిచింది. ఒంటి కొలతకు ఊపిరి ఆడటానికి, చెయ్యి లేవడానికి కొంత లూజు బాబిన్ తనే కలుపుకుంటుంది. స్వరూపకు మాత్రం కొలిచింది జాకెట్‌ను. అందులో కుట్టినప్పుడే పెట్టిన లూజు ఉంది. దాని మీద బాబిన్ మళ్లీ కలిపింది. లూజు మీద లూజు. గైడులో ఒంటిని ఎట్లా కొలవాలో బొమ్మలతో సహా ఉంది. ఆది జాకెట్ అనేది ఒకటి ఉంటుందని మాత్రం ఎక్కడా లేదు. రాసినవాళ్లకు ఆ సంగతే తెలియదు.

తనకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని అర్చనకు అనిపించింది. బాబిన్ సైటులో తప్పులూ లోటుపాట్లూ రాసే చోటు ఒకటుంది. అక్కడ ఆరు వాక్యాల ఇంగ్లీషు రాయడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. రాసి, చెరిపి, కళ్లు మూసుకుని పంపింది.

జవాబు మర్నాడే వచ్చింది. గైడు రాతలన్నీ చూసుకునే ఆవిడ ఏ దేశంలో ఉంటుందో తెలియదు. పేరు పక్కన మొహానికి బదులు ఒక ఎర్రకోడి ఫోటో ఉంది. మర్యాదగానే రాసింది. పాత బట్టల కొలతలు నమ్మకూడదనీ, కొలవాల్సింది ఒంటినేననీ, ఆ మనిషిని ఒకసారి దుకాణానికి పిలిచి కొలవమనీ.

అర్చన దాన్ని తెలుగులో చదివి వినిపించింది. ధనలక్ష్మి మిషన్ ఆపింది.

"పిలిచి కొలవాల్నా? ఒక్క జాకెట్‌కు పూణే నుంచి? ఎవరే గామె?"

"తెల్వదత్తా. కోడి బొమ్మ ఉంది."

"కోడామెకు చెప్పు, మా దిక్కు మనిషి రాదు, జాకెట్టే వస్తదని."

అర్చన సరిగ్గా ఆ మాటే రాసింది. 'మా దగ్గరికి మనిషి రాదు. జాకెట్ వస్తుంది.' దాని కింద గోడ ఫోటో పెట్టింది. మేకులు, మేకులకు వేలాడే నలభై యాభై పాత జాకెట్లు, వెలిసిన రంగులు, చీటీలు. ఏ మేకు ఏ ఊరో, ఆ ఊరి ఆడవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో రాసింది.

నాలుగు రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. అర్చన హుక్కులు కుడుతూ ఫోను వైపు చూడటం, ధనలక్ష్మి మిషన్ తొక్కుతూ ఆ పిల్ల వైపు చూడటం. ఐదో రోజు జవాబు వచ్చింది.

'మీ గోడను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇది నాకు తెలియదు. ఆది జాకెట్ మీద గైడుకు ఒక పేజీ మీరే రాస్తారా? ఒకటే షరతు. పేజీలో రాసిన ప్రకారమే ఒక జాకెట్ కుట్టి, వేసుకున్న మనిషికి సరిపోయిందో లేదో చెప్పాలి. అప్పుడే దాన్ని గైడులో కలుపుతాం.'

కుట్టవలసిన జాకెట్ ఏదో అర్చనకు చెప్పనవసరం లేకపోయింది. ధనలక్ష్మి వనపర్తిలో మూడు దుకాణాలు తిరిగి, మిగిలిన గద్వాల ముక్క పక్కన పెట్టి పోల్చి పోల్చి, నెమలిపింఛం రంగు గుడ్డ తెచ్చి అలమరలో పెట్టి ఉంది. దాన్ని పేజీకి పరీక్షగా ఇమ్మని అడిగే ధైర్యం మాత్రం అర్చనకు రాలేదు.

ముందు పేజీ రాయాలి. అందుకు అత్త చెప్పాలి. అత్తకు చెప్పడం రాదు.

"ఆది జాకెట్ ఎట్ల కొలుస్తవు అత్తా?"

"ఎట్ల కొలుస్త? అందరు కొలిచినట్టే."

"ఏంది చూస్తవు ముందుగాల?"

"చేతికి తెలుస్తదే. నోటికి తెల్వదు. నువ్వు జర హుక్కులు చూస్కో."

అర్చన అడగడం మానేసి చూడటానికి కూర్చుంది. అది ఆమెకు చేతనైన పని. అత్త ఆదిని తీసుకున్న వెంటనే హుక్కులన్నీ పెట్టి, బల్ల మీద పరిచి అరచేత్తో ఒకసారి నిమురుతుంది. పక్క కుట్టు లోపల పాత సూదిగుర్తులు ఉన్నాయేమో వేలితో తడుముతుంది. ఉంటే ఆ జాకెట్‌ను ఎప్పుడో విప్పి వదులు చేశారన్నమాట. తర్వాత చంక దగ్గర గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటుంది. కుడి చంక పిగిలి ఉంటే "పత్తి ఏరే చెయ్యి" అని గొణుగుతుంది. ఎడమ భుజం దిగి ఉంటే "బిందె మోసేది" అంటుంది. ముందు భాగం పైకి లాగినట్టుంటే "సంటిపిల్ల తల్లి" అని నవ్వుతుంది. ముట్టుకున్న ప్రతి జాకెట్‌లోనూ ఒక మనిషి నిలబడి ఉన్నట్టే, ఆమె యోగక్షేమాలు అడుగుతున్నట్టే ఉండేది ఆ చెయ్యి.

పది రోజులు చూసి, అర్చన పేజీ మొదటి వాక్యాలు రాసింది. రాసింది కింద పెట్టకుండా గట్టిగానే చదివింది. "ఆది జాకెట్‌ను పరిచి అన్ని కొలతలు తీసుకోండి. ప్రతి కొలతలో నుంచి రెండించులు తగ్గించండి."

మిషన్ ఠక్కున ఆగింది.

"ఏందీ? అన్నిట్ల రెండించులా? గట్ల రాస్తే చెయ్యి లేస్తదా? మెడకు లూజు ఉంటదా ఏమన్న? మెడ ఎంత ఉంటే అంతే. పొడుగు ఎంత ఉంటే అంతే. తగ్గించేది ఛాతీల, నడుముల. చంకల వేరే లెక్క. ఎవరు చెప్పిండ్రే నీకు?"

"ఎవరు చెప్పలే అత్తా. నాకు తెల్వక రాసిన."

"తెల్వకుంటే అడగాలె గదా!"

అర్చన నవ్వు బయటికి రాకుండా తల వంచి, "చంకల ఏం లెక్క?" అని అడిగింది. ధనలక్ష్మి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం బస్టాండులో మక్తల్ బస్సు వెళ్లిపోయి, ఆత్మకూరు బస్సు వచ్చేదాకా ఆమె చెబుతూనే ఉంది. ఇన్నేళ్లు చేతిలో ఉన్నది నోటికి వస్తుంటే ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. చెప్పిన ప్రతి మాటకూ ఒక జాకెట్ మేకు మీద నుంచి దిగింది. అర్చన ఒక్కో సంగతికీ ఒక్కో చిన్న వాక్యం రాసింది.

కోడి బొమ్మామె చదివి రెండు సంగతులు రాసింది. మొదటిది, 'మీ వాక్యాలు చిన్నగా ఉన్నాయి. దయచేసి పెద్దవి చేయకండి.' రెండోది ప్రశ్న. జాకెట్ వాడకంలో సాగిందో లేదో ఎట్లా తెలుస్తుంది?

"వెలుతురుకు ఎత్తి పట్టమను," అంది ధనలక్ష్మి. "కుట్టు పక్కన గుడ్డ జల్లెడ లెక్క కనబడితే సాగినట్టు. గామె కిటికీకి అద్దాలున్నయో లేవో, ఎండల చూడమను."

అర్చన ఎండ మాట కూడా రాసింది.

పెళ్లికి పన్నెండు రోజులున్నాయనగా ధనలక్ష్మి బొటనవేలు పూర్తిగా బిగుసుకుపోయింది. వనపర్తి దవాఖానలో పట్టీ వేసి, రెండు నెలలు కత్తెర ముట్టుకోవద్దన్నారు. తిరిగి వచ్చిన సాయంత్రం ఆమె అలమర తెరిచి, నెమలిపింఛం రంగు గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడే తిమ్మమ్మ గడపలోకి వచ్చింది. పట్టీ చూసింది, గుడ్డ చూసింది, గోడకు ఆనుకుని నిలబడ్డ అర్చనను చూసింది.

"ఇగ అయిపాయె. మళ్ల కంప్యూటరేనా?"

"కంప్యూటర్ గాదు తిమ్మమ్మా," అంది ధనలక్ష్మి. "గీత కంప్యూటర్ గీస్తది. మాట మాత్రం నాది. నేను చెప్పిందంతా పిల్ల రాసిపెట్టింది. ఈ పారి గా మాట మీదనే కోస్తది. నీకు ఇష్టం లేకుంటే గుడ్డ తీస్కపో, ఆత్మకూరుల ఇయ్యి. నేనేం అనుకోను."

తిమ్మమ్మ గుడ్డను చేతిలోకి తీసుకుంది. గుడ్డ పోతే జాకెట్ పోతుంది, జాకెట్ పోతే పేజీ పోతుంది. అంతకంటే, అత్త ఇప్పుడే తిమ్మమ్మ ముందు అర్చనకు అప్పగించిన మాట పోతుంది.

"ఆత్మకూరోడికి నా బిడ్డ ఎట్లుంటదో తెల్వదు," అంది తిమ్మమ్మ చివరికి, గుడ్డను మళ్లీ బల్ల మీద పెట్టి. "నీకైతే తెలుసు. కోయిపియ్యి. కానీ ఎద్దుకు కుడ్తే మాత్రం ఎద్దును తెచ్చి మీ వాకిట్ల కట్టేస్త."

మర్నాడు పొద్దున అర్చన కోసింది. పేజీని పక్కన పెట్టుకుని, తను రాసిన ప్రతి వాక్యాన్నీ ఎవరో కొత్తవాళ్లు రాసినట్టు చదువుతూ, దాని ప్రకారమే కొలిచింది. కొత్త కాగితాలు అచ్చు తీయించింది, అతికించింది, పరిచింది. ధనలక్ష్మి పట్టీ వేసిన చేతిని ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండో చేతిని పెట్టి కూర్చుంది, అవి లేచి వచ్చి కత్తెర లాక్కుంటాయేమో అన్నట్టు. మొత్తం మీద ఒక్కటే మాట మాట్లాడింది.

"చేతుల కుట్టు లోపల ఇంచు గుడ్డ వదులు."

"పేజీల అర ఇంచే అని ఉందత్తా. నువ్వే చెప్తివి."

"చెప్తి. దీనికి ఇంచు వదులు."

"ఎందుకు?"

"ఎందుకో నాకు తెల్వదు. వదులు అంటున్న గదా."

అర్చన వదిలింది, తనే కుట్టింది. ఎందుకో తెలియనిదాన్ని పేజీలో రాయలేదు.

పెళ్లి రోజు పొద్దున స్వరూప రాయచూరులో రైలు దిగి, మక్తల్ మీదుగా బస్సులో అమరచింత వచ్చింది. బ్యాగు భుజం మీద ఉండగానే తల్లి ఆమెను దుకాణంలోకి లాక్కొచ్చింది. ముహూర్తం పదకొండింటికి. మేకుల గోడకు ఈ చివర తెర కట్టి ఉంది. స్వరూప జాకెట్ తీసుకుని తెర వెనక్కి పోయింది. తిమ్మమ్మ గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. అర్చన సూదిపెట్టెలో ఏదో వెతుకుతున్నట్టు కూర్చుంది. అందులో వెతకాల్సిందేమీ లేదు.

తెర వెనక గాజులు గలగలలాడి ఆగాయి.

"ఏమే?" అంది తిమ్మమ్మ.

"మంచిగనే ఉందమ్మా. మెడ మంచిగుంది, నడుము మంచిగుంది. చెయ్యే... కుడి చెయ్యి ఎక్కుతలేదు."

తిమ్మమ్మ నోరు తెరిచింది. దానికంటే ముందే ధనలక్ష్మి లేచి తెర వెనక్కి పోయింది. వెనకే అర్చన. వీపు మీద జాకెట్ ముడత లేకుండా పరుచుకుని ఉంది. మెడ చుట్టూ వేలు దూరేంత సందు, అంతకంటే లేదు. కుడి చెయ్యి మాత్రం మోచేతికి పైన బిగుసుకుపోయి ఆగింది. ధనలక్ష్మి ఆ చేతిని తన ఎడమ చేత్తో పట్టుకుని మెల్లగా నొక్కింది.

"ఏం పని జేస్తున్నవే ఆడ?"

"మొదాలు ఇటుకలు అందిస్తుంటి అక్కా. ఇప్పటికి ఎనిమిది నెల్లాయె, ఇసుక పని. పారతోని ఎత్తి జల్లెడ మీద పోసేది. పొద్దుందాక అదే."

"గీ ఆది కుట్టినప్పుడు నువ్వు ఈడ నాట్లేస్తుంటివి."

"అవు."

"గప్పటి చెయ్యి కాదు గిది," అంది ధనలక్ష్మి. గట్టిపడిన ఆ కండను ఇంకాసేపు పట్టుకునే ఉంది. స్వరూప సిగ్గుపడి, చెయ్యి లాక్కోకుండానే, "మొగోళ్ల చెయ్యి అయింది గదక్కా" అని నవ్వింది.

"నీ చెయ్యే. మంచిగుంది," అంది ధనలక్ష్మి.

అర్చన చేతికుట్టు విప్పింది. లోపల ఇంచు గుడ్డ మడతగా ఎదురుచూస్తూ ఉంది. ఎక్కడికి కుట్టాలో ధనలక్ష్మి గోటితో గీసి చూపించింది, అర్చన మిషన్ మీద కూర్చుంది. పదినిమిషాల పని. రెండోసారి తెర పక్కకు జరిగినప్పుడు స్వరూప రెండు చేతులూ పైకెత్తి, కిందికి దించి, మళ్లీ పైకెత్తింది.

తిమ్మమ్మ కూతురి చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ చూసింది, చేతులు చూసింది, వీపు మీద అరచేత్తో రాసింది.

"ఎద్దు గాదు," అంది. "నా బిడ్డే." వెంటనే అర్చన వైపు తిరిగి, "ఏమే మాట్లాడని పిల్లా, పెండ్లికి వస్తవా లేక కంప్యూటర్‌కు బువ్వ పెడ్తవా?" అని కేకేసింది.

వాళ్లు వెళ్లాక అర్చన అడిగింది. "ఇంచు వదలాలని నీకెట్ల తెలుసు అత్తా?"

ధనలక్ష్మి ఆది జాకెట్‌ను మడిచి మేకుకు తగిలించబోయి, మళ్లీ తీసి చేతిలోనే పట్టుకుంది. "నాకేం తెలుసు? పోయినోళ్లు పోయినట్టే తిరిగొస్తరా ఎవరన్న? జర జాగ ఉంచాలె."

ఆ సాయంత్రం, పెళ్లి భోజనం చేసి వచ్చాక, అర్చన కోడి బొమ్మామెకు జరిగింది జరిగినట్టు రాసింది. జాకెట్ సరిపోయింది. చెయ్యి సరిపోలేదు. తప్పు కొలతది కాదు, పేజీది. పేజీ చివర ఇంకో రెండు వాక్యాలు కలపాలి. 'ఈ జాకెట్ కుట్టినప్పటి నుంచి ఆమె ఏం పని చేస్తోంది? తెలియకపోతే చేతుల్లో ఇంచు గుడ్డ వదలండి.'

కోడి బొమ్మామె వెంటనే అడిగింది. మొదటి వాక్యానికి జవాబును బాబిన్‌లో ఏ గడిలో నింపాలి? దానికి అంకె ఏమిటి?

అర్చన చాలాసేపు ఆలోచించి రాసింది. 'ఏ గడిలోనూ కాదు. అంకె లేదు. అడగాలి, అంతే.'

రెండు రోజుల తర్వాత పేజీ గైడులో కలిసింది. ఇంగ్లీషులో ఒకటి, పక్కనే తెలుగులో ఒకటి. అడగాలి అన్న వాక్యం అట్లాగే ఉంది. కింద రాసినవాళ్ల పేర్లలో అర్చన రెండు పేర్లు ఇచ్చింది. ఫోనును అత్త కళ్లజోడుకు దగ్గరగా పెట్టి, 'ధనలక్ష్మి, అమరచింత' అన్నచోట వేలు పెట్టి చూపించింది. ధనలక్ష్మి చూసి, చూడనట్టు మొహం పెట్టి, "కోడామెకు ఏం పనో అడుగు," అంది.

అడిగితే తెలిసింది. ఆవిడ ఉత్తరాలు పంచుతుందట. సంచి భుజాన వేసుకుని రోజంతా నడక.

"ఏ భుజం?"

"ఎడమ భుజం అంట అత్తా."

"అయితే ఆ దిక్కు పావించు దిగి ఉంటది," అంది ధనలక్ష్మి, ఆవిడను ఎన్నాళ్ల నుంచో ఎరిగినట్టు. "ఆది పంపమను. చూద్దాం."

మరుసటి మంగళవారం ఒకామె పరుగున వచ్చి, బల్ల మీద ఒక పాత జాకెట్, కొత్త గుడ్డ పడేసి, "మా చిన్నకోడలిదమ్మా, పండుగలోపల గావాలె" అని అంతే పరుగున వెనక్కి పోయింది. ఆమె ఎక్కాల్సిన బస్సు కదులుతోంది. అర్చన హుక్కుల డబ్బా అక్కడే వదిలి గుమ్మంలోకి ఉరికింది. జన్మలో అంత గట్టిగా అరిచిన పిల్ల కాదు.

"పెద్దమ్మా! మీ కోడలు ఏం పని చేస్తది ఇప్పుడు?"

బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి. కిటికీలో నుంచి ఆమె చేతులు నోటి చుట్టూ పెట్టుకుని కేకేసింది. "హోటల్ల! రొట్టెలు ఒత్తుతదీ!"

అర్చన లోపలికి వచ్చి జాకెట్ హుక్కులు పెట్టి, బల్ల మీద పరిచి, అరచేత్తో ఒకసారి నిమిరింది. వెనక మిషన్ ఆగలేదు.

"రెండు చేతులూ," అంది ధనలక్ష్మి, తల ఎత్తకుండానే.